దూరపు గుడి గంట

మా వీధి చివర రామాలయంలో సాయంత్రం హారతివేళ గంట కొడతారు. మేడ మీద కూర్చుంటే ఆ గంట రెండు విడతలుగా వినిపిస్తుంది. కొట్టగానే ఖంగుమని చెవిలో గుచ్చుకునే మోత ఒకటి, అది క్షణాల్లో పోతుంది. దాని అడుగున ‘మ్‌...’ అంటూ లోతైన రొద ఒకటి మిగిలి చాలాసేపు గాల్లో తిరుగుతుంది. మొన్నొక సాయంత్రం ఆరిన బట్టలు తీద్దామని మేడ ఎక్కేసరికి ఆ ఖంగుమన్న మోత అయిపోయింది, రొద ఒక్కటే ఉంది. గంట ఎప్పుడు కొట్టారో నేను వినలేదు. అయినా కొట్టి కాసేపయిందని మనసుకు తెలిసిపోయింది. ఎలా తెలిసింది? శబ్దం చిన్నగా ఉండటాన్ని బట్టి మాత్రం కాదు. దూరం నుంచి వచ్చినా శబ్దం చిన్నదవుతుంది, మెల్లగా కొట్టినా చిన్నదవుతుంది. సన్నని స్వరాలు ఎంత పోయాయి, లావు స్వరం ఎంత మిగిలింది అన్న ఆ నిష్పత్తే నాకు సంగతి చెప్పింది. కంచులో హెచ్చు స్వరాలు ముందు అలసిపోతాయి, మంద్రం చివరిదాకా నిలబడుతుంది. నా చెవి నాకు చెప్పకుండానే ఒక వయసును లెక్కగట్టిందన్నమాట. ఆ రోజు నుంచి ఈ లెక్క నన్ను వదలడం లేదు.

నాయనమ్మకు ఈ విద్య బాగా వచ్చు. చిన్నప్పుడు మా ఊళ్లో నన్ను చేయి పట్టుకుని గుడికి తీసుకెళ్తూ, చెరువుగట్టు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, చెవి ఒగ్గి, “నడవ్వే, ఇంకా హారతి అందుతుంది” అనేది. గుళ్లో అడుగుపెట్టగానే నేను ఎగిరెగిరి గంట కొట్టేదాన్ని. కొట్టాక దాని అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మోత ఆపేయడం నాకు సరదా. “అట్లా పట్టుకోకే, చచ్చిపోతుంది. వేలికొస మాత్రం తగిలించి చూడు” అనేది నాయనమ్మ. తగిలించి చూస్తే, చెవికి ఎప్పుడో ఆగిపోయిన గంట వేలికి ఇంకా ఆడుతూనే ఉండేది. చర్మం మీద చీమ పాకినట్టు ఉండేది. చాలా ఏళ్ల తర్వాత ఆమెకు చెముడు వచ్చింది. ముసలితనపు చెముడు హెచ్చు స్వరాలనే ముందు తినేస్తుంది. మనవల మాటలూ ఫోను మోతా ఆమెకు అందేవి కావు, రోడ్డు మీద లారీ రొద మాత్రం అందేది. ఒకరోజు గుళ్లో గంట కొట్టి, తల పక్కకు వంచి, నన్నడిగింది: “గంట మార్చారటే? గొంతు పూడుకుపోయినట్టుంది. లేక నా చెవేనా?” “నీ చెవే నాయనమ్మా” అన్నాను వెంటనే. ఏమీ చూడకుండా, ఏమీ కొలవకుండా అన్నాను. ఆ తొందర ఇప్పుడు గుర్తొస్తే బాధగా ఉంటుంది. అది ఎంత పెద్ద ప్రశ్నో అప్పుడు నాకు తెలియదు.

తెలియజేసింది ఆకాశం గురించిన చదువు. మన భాషలో ‘గుడి’ అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. చంద్రుడి చుట్టూ పల్చగా వెలుగు వలయం కనిపిస్తే గుడి కట్టిందంటాం. ఆ గుడి దగ్గరగా ఉందా దూరంగా ఉందా చూసి వాన ఎప్పుడొస్తుందో మన పెద్దవాళ్లు చెప్పేవారు. గెలాక్సీలు వందలూ వేలూ ఒకచోట గుమిగూడిన సమూహాలకు కూడా అలాంటి గుడి ఒకటి ఉంటుందనీ, అది కంటికి కాక రేడియో తరంగాలకే తెలుస్తుందనీ చదివినప్పుడు ఈ మాటే ముందు నోటికొచ్చింది. ఇంగ్లీషులో దాన్ని రేడియో హేలో అంటారు. 1959లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో, 250 అడుగుల రేడియో దూరదర్శినిని కోమా సమూహం వైపు తిప్పిన లార్జ్, మాథ్యూసన్, హాస్లమ్ అనే ముగ్గురికి అక్కడ ఏ ఒక్క గెలాక్సీకీ చెందని పరుచుకున్న వెలుగు తగిలింది. 1970లో కేంబ్రిడ్జిలో విల్సన్ మరింత సూక్ష్మంగా చూసి, ఇది చిన్న చిన్న చుక్కలు కలిసిపోయి కనిపించడం కాదనీ, నిజంగానే పరుచుకుని ఉందనీ తేల్చాడు. కోమా మనకు ముప్పై కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో ఉంది. దాని గుడి అడ్డంగా ముప్పై లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకుంది. మన పాలపుంత వెడల్పు సుమారు ఒక లక్ష. అంత మేర, గెలాక్సీలకూ గెలాక్సీలకూ మధ్య, మనం ఖాళీ అనుకునే చోట వెలుగు ఉంది.

ఖాళీ అన్నాను గాని, అది ఖాళీ ఎక్కడ? ఆ సమూహాల్లో నక్షత్రాలన్నిటి బరువు కన్నా ఎన్నో రెట్లు బరువైన వాయువు గెలాక్సీల మధ్యే ఉంటుంది. ఘనమీటరుకు సుమారు ఓ వెయ్యి కణాలు, అంత పల్చన. వేడి మాత్రం కోట్ల డిగ్రీలు. అందులో అల్లుకుని అయస్కాంత క్షేత్రం ఉంది. అది మన దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రంలో లక్షో వంతు. ఆ బలహీనమైన దారాల చుట్టూ, దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు చుట్టలు చుట్టుకుంటూ పోతాయి. పోతూ రేడియో తరంగాలను విదుల్చుతాయి. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాను హెచ్చు పౌనఃపున్యంలో పలుకుతుంది, తక్కువ శక్తి ఉన్నది మంద్రంలో. ఎంత ఎక్కువ శక్తి ఉంటే అంత త్వరగా దాన్ని పోగొట్టుకుంటుంది. కనుక కొత్తగా కొట్టిన గంటలో అన్ని స్వరాలూ ఉంటాయి. కాలం గడిచేకొద్దీ పైస్వరాలు రాలిపోతూ మంద్రం మిగులుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ వెలుగు ఎంత జోరుగా తగ్గుతుందో గీసి చూస్తే ఒక వాలు వస్తుంది. దాన్నే శాస్త్రవేత్తలు వర్ణపటపు వాలు అంటారు. మామూలు గుడుల్లో ఆ వాలు అంకె 1.2, 1.3 దగ్గర ఉంటుంది. అంటే పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే వెలుగు సగానికన్నా కిందికి, దాదాపు రెండున్నరో వంతుకు పడిపోతుంది. చంద్రుడి గుడిని చూసి మన పెద్దవాళ్లు రాబోయేది చెప్పారు. ఈ గుడిని విని వీళ్లు జరిగిపోయింది చెబుతున్నారు.

అయితే ఈ పోలిక ఒకచోట నన్ను ఆపేస్తుంది. గంట ఒకసారి కొడితే ఒకసారే మోగి ఆగిపోవాలి. లెక్క ప్రకారం ఈ ఎలక్ట్రాన్లకూ ఆయువు పది కోట్ల ఏళ్లే. విశ్వం కాలమానంలో అది కొద్దిపాటి కాలం. ఆ ఆయువులో అవి పుట్టినచోటు నుంచి పాకగలిగే దూరమూ కొద్దే. మరి ముప్పై లక్షల కాంతి సంవత్సరాల మేర అన్ని మూలలా ఒకేసారి ఎలా మోగుతున్నాయి? ఎవరో ఊరంతా తిరిగి ప్రతి ఇంట్లో దీపం వెలిగించినట్టు, అక్కడికక్కడే వాటికి శక్తి అందుతూ ఉండాలి. దీనికి రెండు జవాబులు చాలాకాలం పోటీపడ్డాయి. దీర్ఘాయువులైన ప్రోటాన్లు వాయువు కణాలను గుద్దుకుంటూ ఎప్పటికప్పుడు కొత్త ఎలక్ట్రాన్లను పుట్టిస్తున్నాయని ఒకటి. రెండు మహా సమూహాలు ఢీకొని కలిసిపోయినప్పుడు వాయువులో లేచే సుడులూ అలజడీ అలసిన ఎలక్ట్రాన్లను మళ్లీ మళ్లీ తట్టి లేపుతున్నాయని రెండోది. తగువు తీర్చాల్సింది వాలే. 2008లో బ్రునెట్టీ బృందం ఏబెల్ 521 అనే సమూహంలో 1.9 దగ్గర వాలున్న గుడిని చూపింది. హెచ్చు స్వరాల్లో అది దాదాపు లేనట్టే, మంద్రంలోనే బతుకుతోంది. ప్రోటాన్ల కథతో దాన్ని నిలబెట్టాలంటే సమూహం భరించలేనంత శక్తిని వాటికి అంటగట్టాలి. అలజడి కథతో అది సహజంగా వస్తుంది. ఆగిపోతున్న గంటను మళ్లీ మళ్లీ మెల్లగా తడుతూ ఇంకాస్త మోగించడం లాంటిదది. కొట్టడానికీ తట్టడానికీ ఉన్న తేడా ఒక్క అంకెలో బయటపడిందంటే, ఆ అంకె మీద నాకు గౌరవం కలగకుండా ఎలా ఉంటుంది?

ఆ గుడిని మంద్రంలో విన్న చెవి మన దేశంలోనే ఉందని తెలిశాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మహారాష్ట్రలో పూణె దాటి నారాయణగావ్ దగ్గర ఖోడద్ అనే పల్లె ఉంది. గోవింద్ స్వరూప్ తలపెట్టి కట్టించిన జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ అక్కడే ఉంది. ఏటా ఫిబ్రవరి 28న, సైన్సు దినోత్సవానికి జనాన్ని లోపలికి రానిస్తారు. స్కూలు పిల్లల వరసల వెనక నేనూ నడిచాను. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న పళ్లేలు 30. పద్నాలుగు ఒకచోట దగ్గర దగ్గరగా, మిగిలినవి మూడు చేతులుగా పొలాల మధ్య పరుచుకుని, మొత్తం 25 కిలోమీటర్ల విస్తారంలో. దగ్గరికి వెళ్తే నేననుకున్న తళతళలాడే లోహపు గిన్నె కాదది. సన్నని ఉక్కు తీగల వల. అందులోంచి ఆకాశం కనిపిస్తుంది, గాలి దూరిపోతుంది, ఎండ నేల మీద గళ్లగళ్లుగా పడుతుంది. ఇంత కన్నాల జల్లెడలో ఏం నిలుస్తుందా అని అక్కడే నిలబడి ఆలోచించాను. అరమీటరు, మీటరు, రెండు మీటర్ల పొడవున్న అలకు వేలు దూరే కన్నం కన్నమే కాదు. దానికది గోడ. మన కంటికి వల, మంద్రానికి గోడ. ఏది ఎవరికి ఖాళీగా కనిపిస్తుందో అది చూసేవారి కొలతను బట్టి ఉంటుందని ఆ వల కింద నిలబడినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

వాలు కొలవడమంటే పైకి చాలా చిన్న పని. ఒక మంద్రంలో వెలుగెంతో చూడాలి, ఒక హెచ్చులో ఎంతో చూడాలి, రెంటినీ పోల్చాలి. అయితే ఈ పనిలో ప్రతి అడుగూ చెప్పుల్లో రాయిలా గుచ్చుకుంటుంది. ముందు చూస్తున్న ఆకాశపు మేరలోంచి మెరిసే గెలాక్సీలను ఏరేయాలి. దూరదూరంగా ఉన్న పళ్లేల జంటలు చిన్న చిన్న చుక్కలను చక్కగా పట్టుకుంటాయి, వాటితో చుక్కల పటం గీసి, దాన్ని మొత్తంలోంచి తీసేస్తారు. చేటలో బియ్యం పోసి కళ్లు దగ్గరగా పెట్టి రాళ్లు ఏరినట్టు. ఒక రాయి మిగిలితే గుడి లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది, రాయితో పాటు గింజలూ పోతే ఉన్న గుడి సన్నగిల్లుతుంది. ఆ తర్వాత, పరుచుకున్న వెలుగును పట్టేది దగ్గరగా ఉన్న జంటలే. ఒక హద్దుకు మించి విశాలంగా, నున్నగా ఉన్నదేదైనా ఆ జంటలకూ అందదు. మంద్రంలో వినే చెవికి ఒక హద్దు, హెచ్చులో వినే చెవికి ఇంకో హద్దు ఉంటే, వాలు గుడిదా చెవిదా? అందుకే రెండు కొలతల్లోనూ ఒకే రకం జంటలను, ఒకే మేరలో తీసుకుని పోలుస్తారు. ఆపైన 3సి 286 లాంటి, వెలుగు ఎంతో బాగా తెలిసిన ఆకాశ దీపాలను విని, ముందు చెవి సంగతి తేల్చుకుంటారు. అంత చేసినా ఒక్కో కొలతలో పది శాతం అనుమానం మిగలడం మామూలే. రెండు పౌనఃపున్యాలు దగ్గర దగ్గరగా ఉంటే ఆ అనుమానమే వాలును మింగేస్తుంది. గుంజలు ఎడంగా పాతితేనే నేల వాలు తెలిసినట్టు, ఒకటి 144 మెగాహెర్ట్జ్ దగ్గరా ఒకటి 650 దగ్గరా ఉంటే గాని అంకె నిలబడదు. ఇవన్నీ చదువుతుంటే నాయనమ్మ మాటే చెవిలో మోగింది. గంట మారిందా, నా చెవేనా? ఈ శాస్త్రం పగలూ రాత్రీ అడుక్కునేది ఆ ప్రశ్నే కదా.

ఇక్కడే నన్ను అన్నిటికన్నా కదిలించిన పద్ధతి ఒకటుంది. ఒక సమూహాన్ని ఎంత విన్నా గుడి కనబడలేదనుకోండి. లేదని రాసేయొచ్చా? రాయరు. కంప్యూటరులో ఒక ఉత్తుత్తి గుడిని తయారుచేస్తారు. నిజమైన గుడి ఎంత వెడల్పు ఉంటుందో అంత వెడల్పు, తెలిసినంత వెలుగు. దాన్ని తాము విన్న అసలు దత్తాంశంలో కలిపేస్తారు. మళ్లీ మొదటినుంచీ అదే ఏరడం, అదే చెరగడం. తాము పెట్టింది తమకు తిరిగి దొరుకుతుందా చూస్తారు. దొరకకపోతే ఇంకొంచెం వెలుగు పెంచుతారు, మళ్లీ చూస్తారు. ఎంత వెలుగు దగ్గర మొదటిసారి దొరికిందో, అంతకన్నా ప్రకాశవంతమైన గుడి ఇక్కడ లేదని మాత్రమే రాస్తారు. ‘లేదు’ అనడానికి ముందు ‘ఉండి ఉంటే నాకు వినిపించేదా’ అని అడగడం ఇది. మన రోజువారీ బతుకులో ఈ ప్రశ్న ఎంతమందిమి వేసుకుంటాం? ఫలానా మనిషిలో ప్రేమ లేదంటాం, ఫలానా ఊళ్లో ఏమీ లేదంటాం, ఫలానా ఏళ్లలో ఏమీ జరగలేదంటాం. పరుచుకుని ఉన్నదాన్ని పట్టే చెవి మనకుందో లేదో చూసుకోం. గుచ్చుకునే మోతకే అలవాటుపడ్డ చెవితో మంద్రం లేదని తీర్పు చెప్పేస్తాం. నేను చెప్పిన తీర్పుల్లో ఇలాంటివెన్నో అని లెక్కపెట్టుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక దూరం మాట. దూరపు సమూహాల్లో ఈ కొలత మరింత కష్టం. కష్టమే కాదు, అసలు అక్కడ గుడి ఉండటమే ఆశ్చర్యం. ఎలక్ట్రాన్ల శక్తిని హరించేది అయస్కాంత క్షేత్రం ఒక్కటే కాదు. విశ్వమంతా నిండి ఉన్న ఆదికాలపు వెలుగు, మైక్రోవేవ్ నేపథ్యం, దానితో ఢీకొన్నా అవి శక్తి పోగొట్టుకుంటాయి. గతంలోకి వెళ్లేకొద్దీ విశ్వం చిన్నది, ఆ వెలుగు చిక్కనిది. ఎల్ గోర్డో అని స్పానిష్‌లో బొద్దుగా పేరు పెట్టుకున్న ఒక మహా సమూహం ఉంది. మనం చూస్తున్నది దాని ఏడు వందల కోట్ల ఏళ్ల కిందటి రూపం. అప్పటి విశ్వంలో ఆ నేపథ్యపు వెలుగు సాంద్రత ఇప్పటికి పన్నెండు రెట్లు. అంటే గంట చుట్టూ పన్నెండు తడిగుడ్డలు కప్పినట్టు. పైగా దారిలో స్వరమే దిగిపోతుంది. అక్కడ 1300 మెగాహెర్ట్జ్ దగ్గర పలికింది మన దగ్గరకొచ్చేసరికి 700 దగ్గర వినిపిస్తుంది. కనుక వాలు తెలియకుండా దగ్గరి గుడినీ దూరపు గుడినీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి కూడా వీల్లేదు. రెండు వేర్వేరు స్వరాలను ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. ఇన్ని అడ్డంకుల మధ్య దూరపు గుడులు మూగబోయి ఉంటాయనే చాలామంది అనుకున్నారు.

మూగబోలేదు. ఎల్ గోర్డోకు గుడి ఉంది. ఆ తర్వాత నెదర్లాండ్స్ కేంద్రంగా ఐరోపా దేశాల్లో పరుచుకున్న లోఫార్ అనే మంద్రపు చెవితో గాబ్రియెల్లా ది జెన్నారో బృందం అంతటి దూరాల్లోని 19 సమూహాలను విని, వాటిలో 9 సమూహాల్లో పరుచుకున్న వెలుగు ఉందని 2020లో ప్రకటించింది. అంత తడిగుడ్డ కింద కూడా అంత గట్టిగా మోగాలంటే అక్కడి అయస్కాంత క్షేత్రం మన పొరుగు సమూహాలకు తీసిపోనంత బలంగా అప్పటికే తయారై ఉండాలి. విశ్వం వయసు ఇప్పటి దాంట్లో సగం ఉన్నప్పుడే! ఆ తర్వాత అదే బృందం వాలు కోసం ఖోడద్ వల వైపు వచ్చింది. లోఫార్ మంద్రాన్నీ ఖోడద్ హెచ్చునూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్ని గుడుల వాలు బాగా నిటారుగా తేలింది. అంటే తట్టే చేయి ఉంది, తడిగుడ్డల బరువూ ఉంది. ఆ పెనుగులాట ఆ అంకెలో రాసి ఉంది. పొలాల మధ్య ఆ తీగల వల గుర్తొచ్చి నా ఒళ్లు ఝల్లుమంది. ఎండ గళ్లగళ్లుగా కారిపోయే ఆ జల్లెడలోనే ఇది నిలిచింది.

ఇదంతా నాకెందుకు ఇంత ముఖ్యమైందని నన్ను నేనే అడుగుతుంటాను. ఆ గుడులతో నాకు పని లేదు, వాటి వాన నా పొలం మీద కురవదు. బహుశా మిగిలిపోయినదాని మీద మనిషికి ఉండే మమకారం వల్లేనేమో. ఢీకొన్నవి ఢీకొని కోట్ల ఏళ్లయింది. మోత పోయింది, రొద మిగిలింది. ఆ రొదను తుడిచేయకుండా, దానికి లేనిది అంటగట్టకుండా, ఎంత ఉందో అంతే వినాలని ఏళ్ల తరబడి కొందరు కూర్చుంటున్నారు. పోయినవాళ్ల గురించి మనం చేయగలిగిన పని కూడా అంతకన్నా ఏముంది? అయితే ఇది నేను కల్పించుకున్న పోలికేనా, లేక విషయంలోనే ఉందా? గంట మారిందా, నా చెవేనా? దీనికీ అదే ప్రశ్న.

ఆ రోజు గుళ్లో నేను “నీ చెవే నాయనమ్మా” అన్నాక ఆమె ఏం చేసిందో నేను చాలాకాలం మరిచిపోయాను. ఖోడద్ నుంచి వస్తూ బస్సులో గుర్తొచ్చింది. ఆమె నా మాట కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. మడమలు పైకెత్తి, చేయి చాచి, గంట అంచుకు వేలికొస తగిలించింది. కళ్లు మూసుకుంది. నా చెవికి అప్పటికే అంతా నిశ్శబ్దం. పూజారి గారు కూడా తీర్థం పళ్లెం పట్టుకుని ఆగారు. అలా చాలాసేపు నిలబడి, వేలు తీయకుండానే, నా వైపు తిరిగి మెల్లగా అంది: “ఇంకా మోగుతోందే.”